మాడుకు రెండు చుక్కలు

బొర్రా నీటిగది, మూడో వడపోత. లాగ్ పుస్తకం. రాస్తున్నది గంట్యాడ పైడమ్మ.

101వ నిద్ర
పంపు హెడ్: 40 మీటర్లు. తలలు: 212. వడపోత శుభ్రం.

కొత్తగా దిగినవాళ్ళు ఎవరైనా ఈ పుస్తకం తెరిస్తే కంగారుపడకుండా ఒక మాట రాసిపెడుతున్నాను. మా దగ్గర హెడ్ అంటే ఐదు. పంపు నీటిని ఎంత ఎత్తుకు తోయగలదో అది హెడ్. స్నానాల గదిలో ఆవిరి చిమ్మే చిల్లుల మూత హెడ్. మా నీటిశాఖ పెద్ద హెడ్. నీళ్ళ వాటా పంచేటప్పుడు మనిషిని కూడా హెడ్ అనే అంటారు. నేను మాత్రం ఆ చోట తల అని రాస్తాను. మనుషుల్ని పంపు సామాన్లలో కలిపెయ్యడం నాకు నచ్చదు. మా హెడ్ గారు రెండుసార్లు ఎర్ర సిరాతో కొట్టేసి హెడ్ అని దిద్దారు. రెండుసార్లూ మళ్ళీ తల అనే రాశాను. మూడోసారి వదిలేశారు.

ఐదోది మెడ మీద ఉండేది. దాన్ని ఇక్కడ నున్నగా గొరిగి ఉంచుతాం. జుట్టు వడపోతలో పడితే పని ఎవరికి? నాకు.

చంద్రుడి మీద పొద్దు పొడిచి మళ్ళీ పొడవాలంటే నెల పడుతుంది కాబట్టి మాకు తేదీ అంటే నిద్రే, ఏడాదికోసారి మళ్ళీ ఒకటి నుంచి లెక్క. మేముండే గుహకు బొర్రా అని పేరు పెట్టింది మొదటి ఓడలో వచ్చిన విశాఖ జిల్లా వాళ్ళు. లోపల మూడు వరసలు, ఒకదాని మీద ఒకటి. పై వరసలో పురుటి గది ఉంది. రెండు నిద్రల కిందట అక్కడ సింహాలు అనే అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఏడో నెలలోనే వచ్చేసింది, కిలో పావు బరువు. గాజు పెట్టెలో పెట్టారు. పెట్టెకు వెచ్చటి తేమ కావాలి, ఆ తేమ మా గొట్టంలోంచే వెళ్తుంది. పై వరస ఎత్తు ముప్పై మీటర్లు. పంపు హెడ్ ముప్పై కంటే దిగితే నీళ్ళు అక్కడికి ఎక్కవు. పెట్టెను కిందికి దించుదామంటే కింద అంతా డ్రిల్లింగ్ దుమ్ము, ఆ ఊపిరితిత్తులకు పడదు.

పెట్టెలో ఉన్న బిడ్డను లెక్కలో కలపకూడదని రూలు. అందుకని తలలు 212 అనే రాశాను. మనసొప్పలేదు.

సింహాలు మా హెడ్ వరహాలమ్మ గారి ఒక్కగానొక్క కూతురు. అమ్మమ్మ అయిన మర్నాడు కూడా ఆవిడ ఠంచనుగా వచ్చి, కవాటాలన్నీ తిప్పి చూసి, "గేజీ అద్దం తుడవలేదు" అనేసి వెళ్ళారు. మనిషి కాదు, రాయి.

ఎర్ర సిరా: చూశాను. వ.

105వ నిద్ర
పంపు హెడ్: 38. తలలు: 212.

రెండు మీటర్లు తగ్గింది. గేజీ అద్దం తుడిచి చూశాను. అయినా ముప్పై ఎనిమిదే.

ఎర్ర సిరా: గమనించండి. వ.

109వ నిద్ర
పంపు హెడ్: 36. తలలు: 212.

పంపుది తప్పు కాదు. వడపోత విప్పాను. పొర మీద పాల మీగడలాగా జిగట పేరుకుని ఉంది. వేలితో తీసి రాసి చూశాను, జారింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

భూమి వదిలి ముప్పై ఒక్క ఏళ్ళయింది. అయినా ముక్కు మర్చిపోలేదు. ఆముదం.

ఈ పుస్తకంలో సొంత గోల రాయకూడదని తెలుసు, అయినా రాస్తున్నాను. మా అమ్మ నన్ను రెండు మోకాళ్ళ మధ్య బిగించి పెట్టుకుని, అరచేతిలో ఆముదం పోసి, నడినెత్తిన టపటపా కొట్టేది. నేను గింజుకునేదాన్ని. కళ్ళలోకి కారుతుందని ఏడ్చేదాన్ని. ఇవాళ ఆ జిగట వేలును చాలాసేపు కడుక్కోలేకపోయాను.

కానీ ఇది ముచ్చట పడే సంగతి కాదు. బొర్రాలో నూనె తలకు రాయకూడదు. అది ఏడో రూలు. మేం వచ్చిన మొదటి ఏడాదే ఈ వడపోత నూనెతో మూసుకుపోయింది. ఆరు నిద్రలపాటు గొంతు తడుపుకోవడానికి మాత్రమే నీళ్ళు దొరికాయి. అప్పుడు రూలు రాసింది వరహాలమ్మ గారే. కొత్త పొర ఓడలో వస్తే గానీ బాగుపడలేదు. ఇప్పుడు ఓడ రావాలంటే ఇంకా అరవై నిద్రలు. హెడ్ దిగే వేగం చూస్తే ఆ పిల్లకు పది పన్నెండు నిద్రలకు మించి వ్యవధి లేదు.

ఎర్ర సిరా: వెంటనే ఎవరో కనుక్కోండి. ఎవరైనా సరే ఉపేక్షించేది లేదు. వ.

112వ నిద్ర
పంపు హెడ్: 34. తలలు: 212.

ఆముదం ఉండేది ఒక్క డ్రిల్లు సామాన్ల గదిలోనే. యంత్రాలకు పోస్తారు. ఆ గది చూసే ఎర్రయ్య దగ్గరికి వెళ్ళాను.

"ఆముదం ఎవులికైనా ఇచ్చావేటి?" అని అడిగాను.

"ఇచ్చానప్పా. సిన్న సీసా. మీ పంపు బేరింగుకే గదేటి? ఇదిగో సంతకం సూడు" అని పుస్తకం తిప్పాడు.

మా పంపుకు ఆముదం పొయ్యరు. ముప్పై ఏళ్ళు దాని పక్కనే కూర్చున్నాను, నాకు తెలియదా. సంతకం చూశాను. తేదీ చూశాను, పిల్ల పుట్టిన మర్నాడు. పుస్తకం మూసి, "అవును, పంపుకే" అన్నాను. అబద్ధం నోటికి ఇంత తేలిగ్గా వస్తుందని అనుకోలేదు.

ఎవరి సంతకమో ఇక్కడ రాయడం లేదు. ఈ పుస్తకం రోజూ చదివేది ఒక్కరే. వారికి అర్థమవుతుంది.

(ఈ పేజీలో ఎర్ర సిరా లేదు. ఈ పుస్తకం మొదలుపెట్టాక ఇదే మొదటిసారి.)

113వ నిద్ర
పంపు హెడ్: 33. తలలు: 212.

పై వరసకు ఎక్కాను. పురుటి గది తలుపు దగ్గర నర్సు దీనమ్మ అడ్డం నిలబడింది. నా మొహం చూసి తప్పుకుంది. పాపం, ఆమెకూ తెలుసు.

సింహాలు మంచం మీద నిద్రపోతోంది. గాజు పెట్టెకు చేతులు దూర్చుకోవడానికి పక్కన రెండు రబ్బరు తొడుగులుంటాయి. వాటిలో మోచేతుల దాకా చేతులు పెట్టి వరహాలమ్మ గారు ఉన్నారు. ముప్పై ఏళ్ళలో ఆవిడ వంగి ఉండగా నేను చూడటం అదే. పిల్ల తల ఆవిడ అరచేతిలో నిమ్మకాయంత ఉంది. చూపుడు వేలితో నడినెత్తిన, ఇంకా ఎముక కట్టని మెత్తటి చోట, అతి నెమ్మదిగా రాస్తున్నారు. ఏదో గొణుగుతున్నారు. పాటో, తిట్టో తెలియలేదు.

"సూసేసావా?" అన్నారు తల తిప్పకుండా.

"సూసానప్పా." మనుషుల్లో హెడ్ గారూ అంటాను, ఇద్దరమే ఉన్నప్పుడు అప్ప, అంటే అక్క, అంటాను. ఒకే ఓడలో వచ్చాం.

"రెండు సుక్కలేనే పైడీ. మాడుకి. ఇది ఒక్క పక్కకే పడుకుంటంది, తల సొట్ట పడిపోతంది. ఇటు సూడు. రోజూ కాసింత రాసి, ఇలగ ఒత్తితే గుండ్రంగొత్తాది. మా అమ్మ అలగే సేసీది."

"రాసినాక తుడిసిన గుడ్డ ఏటి సేసావు?"

"ఉతికాను."

"ఎక్కడ?"

ఆవిడ గడ్డంతో మూలనున్న తొట్టి చూపించారు. దాని మీద తీగకు నాలుగు చిన్న గుడ్డ ముక్కలు ఆరేసి ఉన్నాయి. వెలిసిపోయిన ఆకుపచ్చ నేత. ఆ తొట్టి నీళ్ళు తిన్నగా నా వడపోతకే వస్తాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "కాల్సే డబ్బాలో పడెయ్యొచ్చు గదేటప్పా! నూనె గుడ్డలు నీళ్ళలో జాడించకూడదని ఈ గుహలో అందరికీ సెప్పింది నువ్వే గదా!"

పిల్లనే పారెయ్యమన్నట్టుగా నా వైపు చూశారు. "పొత్తిగుడ్డ ఎవులైనా పారేత్తారేటే? మా అమ్మ సీర అది. పెట్టిలో అడుగున దాసి తెచ్చుకున్నాను. మెత్తగా ఉంటాదని సింపాను."

పసిబిడ్డకు చుట్టే పాతచీర ముక్కను ఉతికి ఆరేసి మళ్ళీ చుడతారు తప్ప పారెయ్యరు. ఆ మాట నాకూ తెలుసు. మా అమ్మ ఉన్నా అదే పని చేసేది. ఇంకే దేశం వాళ్ళయినా ఆ గుడ్డ కాల్చేసి ఉండేవాళ్ళు, దొంగతనం బయటపడేదే కాదు, నా వడపోతా బాగుండేది.

"సింహాలుకి పెట్టలేదే," అన్నారు. గొంతు నాకు తెలిసిన గొంతు కాదు. "రూలు నానే రాసాను గదా. అప్పటికి సింహాలు పుట్టి తొమ్మిది దినాలు. నా గుంటకి నానే పెట్టుకుంటే ఇంకెవులు ఇంటారు? నెత్తి ఎండిపోయి పొట్టు రాలిపోయీది. అలగే సూసుకుంటా కూకున్నాను. దీనికైనా రెండు సుక్కలు పెడదామనుకున్నాను. నీ పుత్తకంలో సదివినాక కూడా, నా రెండు సుక్కలకేటవుద్దిలే, ఇంకెవులో పోసీసుంటారు అనుకున్నాను."

నాకు కోపం పోలేదు. ఏడుపు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలియక కఠినంగానే చెప్పాను. "హెడ్ ముప్పై మూడుకి దిగిపోయిందప్పా. ఇంకో మూడు దిగితే ఈ పెట్టికి నీళ్ళు రావు."

ఆవిడ తొడుగుల్లోంచి చేతులు బయటికి లాగేసుకున్నారు. గేజీ లెక్కలు నాకంటే ఆవిడకే బాగా తెలుసు. పదమూడు నిద్రలు, రోజుకు రెండు మూడు గుడ్డలు. మనసులో లెక్క వేసుకోవడం మొహంలో కనిపించింది. ఆ మొహం ఎప్పటికీ చూడకుండా ఉంటే బాగుండును.

115వ నిద్ర
పంపు హెడ్: 32. తలలు: 212.

నూనె ఆగిపోయింది. కానీ పట్టిన నూనె పోలేదు, దాని మీద ఇప్పుడు దుమ్ము కూడా అంటుకుంటోంది. వేడినీళ్ళు పోశాను, జిగట ఇంకా సాగింది. గిన్నెలు తోమే సబ్బు పోద్దామంటే పొరకున్న సన్నటి రంధ్రాలు కరిగిపోతాయని పొర వచ్చిన పెట్టె మీదే రాసి ఉంది.

హెడ్ గారు, అంటే మనిషి హెడ్ గారు, నిన్నటి నుంచి వచ్చి గేజీ ముందు స్టూలు వేసుకుని కూర్చుంటారు. పైకి వెళ్ళడం మానేశారు.

116వ నిద్ర
పంపు హెడ్: 31. తలలు: 212.

వరహాలమ్మ గారి ఎదురుగా కూర్చుని అరిచాను. "తల్లీ, ఏదైనా సెప్పు. నువ్వు సదువుకున్నదానివి."

"సదువులో ఆముదం లేదే" అన్నారు.

"మరి మనూళ్ళో అంత ఆముదం పోసీవోరు గదా, ఎలగ పోయీది అది? తలంటిన్నాడు నెత్తి మీదది ఎలగ వదిలేది?"

ఇద్దరం ఒకేసారి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పెసరపిండి. నెత్తికి నూనె పెట్టడం ఎంత పాతదో, పిండితో రుద్ది దాన్ని వదిలించడమూ అంతే పాతది. పిండి నూనెను పీల్చుకుంటుంది, దేన్నీ గీరదు, దేన్నీ కరిగించదు. మొదటి ఏడాది మాకు తోట లేదు, పెసలూ లేవు, అందుకని ఎవరికీ తట్టలేదు. తర్వాత తలంటి ఎరిగినవాళ్ళంతా గుండ్లు చేయించుకుని కూర్చున్నాం, ఇంకా తట్టలేదు.

తోటలో ఉన్నవి అయిదు కిలోల పెసలు. నెలకోసారి గుహ మొత్తానికి వేసే పెసరట్ల కోసం దాచినవి. వాటిని అడగాలంటే పంచాయితీ పడుతుందని భయపడ్డాను. భోజనాల గదిలో నిలబడి, "పై వరసలో పెట్టెలో ఉన్న పిల్ల కోసం" అన్నాను. ఆ తర్వాత చెప్పబోయింది ఎవరూ వినలేదు. ఎర్రయ్య లేచి వెళ్ళి మూట తెచ్చి నా ముందు పెట్టాడు. డ్రిల్లు యంత్రం పక్కన రాయి నూరే మర ఉంది, అది కడిగి అందులో పెసలు పిండి చేశారు.

117వ నిద్ర
పంపు హెడ్: లేవగానే 30. తర్వాతది కింద చూడండి.

పొర బయటికి తీయాలంటే పంపు కట్టెయ్యాలి. కడగడానికి రెండు గంటలు. ఆ రెండు గంటలు పెట్టెకు నీటిచుక్క వెళ్ళదు. పెట్టెలో తేమ అరగంటకు మించి నిలవదని దీనమ్మ చెప్పింది.

వరహాలమ్మ గారు లేచారు. "పొత్తిగుడ్డలున్నాయి. తడిపి పెట్టిలో సుట్టూ కడదాం. ఆరకముందే మారుత్తా ఉంటాను" అన్నారు. మిగిలిన చీరంతా చింపేశారు. నా దగ్గరున్న పాత దుప్పటి కూడా ఇచ్చాను. తాగడానికి తెచ్చుకున్న వాటా నీళ్ళు చెంబులతో పై వరసకు చేరాయి. ఎవరు ఇచ్చారో రాయమంటే రెండు వందల పన్నెండు పేర్లూ రాయాలి.

పంపు కట్టాను. గుహలో ఆ చప్పుడు ఆగిపోవడం నేను వచ్చాక రెండోసారి వినడం. పొరను ఒళ్ళో పెట్టుకున్నాను. గోరువెచ్చటి నీళ్ళలో పిండి జారుగా కలిపి పోసి, అరచేత్తో ఒకే దిక్కుగా రుద్దాను. గట్టిగా రుద్దితే చిరుగుతుంది. పసిపిల్ల తల అనుకుని రుద్దాను. పిండి కాస్త కాస్తగా ఉండలు కట్టి, పచ్చగా నూనె పట్టి, ఊడి వచ్చింది. రెండుసార్లు, మూడుసార్లు. చేతులు లాగేశాయి. మూడో దఫాకు పొర తెల్లబడింది. కడిగిన పిండి తోటకు ఎరువుగా పంపాను, ఆముదం తాగిన పెసర మొక్కలు ఎలా పెరుగుతాయో చూడాలి.

పైనేం జరుగుతోందో నాకు తెలియదు. అడగడానికి ఎవరినీ పంపలేదు.

పొర బిగించి పంపు వదిలాను. ముల్లు లేచింది. ఇరవై. ఇరవై ఎనిమిది. ముప్పై దగ్గర కాసేపు ఆగింది. తర్వాత మెల్లగా ముప్పై ఎనిమిదికి ఎక్కి నిలబడింది.

కాసేపటికి పై నుంచి దీనమ్మ కేక పెట్టింది. "వచ్చాయి, నీళ్ళు వచ్చాయి! పాప బాగుంది!" నేను పంపు మీద తల ఆనించి ఏడ్చాను. లాగ్‌లో రాయాల్సిన పని లేదు గానీ జరిగింది కాబట్టి రాశాను.

తలలు: 212.

118వ నిద్ర
పంపు హెడ్: 38.

(ఈ పేజీ అంతా ఎర్ర సిరా.)

నీటిశాఖ హెడ్‌గా నేను రాస్తున్న చివరి పేజీ ఇది. 100 నుంచి 113వ నిద్ర మధ్యలో మూడో వడపోతలో చేరిన నూనె నా వల్ల చేరింది. పంపు కోసమని అబద్ధం రాసి ఆముదం తీసుకున్నాను. ఏడో రూలును రాసినదాన్నే మీరాను. బిడ్డ ప్రాణం మీదికి తెచ్చింది నేనే. లాగ్ రాసే పైడమ్మకు ఈ సంగతి 112వ నిద్రనాడే తెలుసు, పేరు దాచింది. ఆమె మీద చర్య వద్దు. శిక్ష ఏమిటో కమిటీ నిర్ణయించాలి. నేను ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. రూలు రాసిన రోజు నా బిడ్డ తల చూసి కూడా రాశాను. అది తప్పని ఇప్పటికీ అనను. కానీ ఆ తర్వాత ముప్పై ఏళ్ళు దాన్ని మళ్ళీ విప్పి చూడలేదు. అది తప్పు. ఇప్పుడైనా విప్పి చూడండి. - బి. వరహాలమ్మ.

121వ నిద్ర
పంపు హెడ్: 39. తలలు: 212.

కమిటీ తీర్పు: వరహాలమ్మ గారికి హెడ్ పదవి పోయింది. వడపోత తోమే పనికి వేశారు, నా కింద. సింహాలు తల్లితో మూడు నిద్రలు మాట్లాడలేదు. నాలుగో నిద్రన కిందికి దిగి వచ్చి, పొర తోముతున్న తల్లి ముందు కూర్చుని, తన గుండు ముందుకు వంచి, "నాకూ పెట్టమ్మా" అంది. సీసాలో అడుగున రెండు చుక్కలే ఉన్నాయి. వరహాలమ్మ గారు నా వైపు చూశారు, అనుమతి కోసం. ఇప్పుడు నేను ఆవిడకు పైదాన్ని కదా.

తల గేజీ వైపు తిప్పుకున్నాను. అద్దం మళ్ళీ మురికిగా ఉంది.

158వ నిద్ర
పంపు హెడ్: 40.

పిల్ల పెట్టెలోంచి బయటికి వచ్చింది. రెండు కిలోల నూట యాభై. తల గుండ్రంగానే ఉంది, ఒక పక్క కొంచెం నొక్కుడు. పెరిగితే పోతుందని అమ్మమ్మ అంటోంది.

ఏడో రూలు మార్చారు. ఏడాది లోపు పిల్లలకు మాడుకు రెండు చుక్కలు పెట్టొచ్చు. తుడిచిన గుడ్డను ముందు పెసరపిండిలో పిసికి, ఆ తర్వాతే ఉతకాలి. గుడ్డ పారెయ్యమని మాత్రం ఎవరూ రాయలేదు. చేతిరాత బాగుంటుందని ఆ రూలును గోడ మీద రాసే పని వరహాలమ్మ గారికే అప్పజెప్పారు.

ఇవాళ తలస్నానం. ఆవిరి చిమ్మే మూత కింద కాదు, చెంబుతో. వరహాలమ్మ గారి మోకాళ్ళు వంగవు. అందుకని నన్ను కూర్చోమన్నారు. నాకు పిల్లలు లేరు. నేలన కూర్చుని కాళ్ళు బారజాపి, వాటి మీద పిల్లను బోర్లా పడుకోబెట్టుకున్నాను. బరువే తెలియలేదు. సింహాలు నీళ్ళు పోసింది. ఇక్కడ నీళ్ళు భూమి మీదలా దబ్బున పడవు. మెల్లగా వంగి, తలను చుట్టుకుని, చెవుల వెనక నిలిచి, ఆ తర్వాత ఎప్పటికో జారతాయి. పిల్ల మొదట ఉలిక్కిపడింది. తర్వాత గొంతు చించుకుని ఏడ్చింది. గుహ అంతా వినపడింది. పని చేస్తున్నవాళ్ళు పని ఆపి విన్నారు.

"కళ్ళలోకి కారింది గావాల" అన్నారు వరహాలమ్మ గారు, నవ్వుతూ. ఈవిడ నవ్వుతారని లాగ్‌లో నమోదు చేస్తున్నాను.

తుడిచి, కొత్త సీసాలోంచి రెండు చుక్కలు నేనే పెట్టాను. వేలి కింద మాడు టుక్ టుక్ మని కొట్టుకుంటోంది. చాలాసేపు వేలు తియ్యలేదు.

తలలు: 213.

పేజీ చివర ఉన్న మరక ఆముదానిది. నాదే. తుడవను.